బ్రహ్మపుత్ర ఉపనదులు: కుడిగట్టు, ఎడమగట్టు ప్రతిసారీ తారుమారు అవుతున్నాయి. ఎవరైనా చెప్పండి

మిర్యాలగూడ_గ్రూప్స్:

అందరికీ నమస్కారం. గ్రూప్-1కి చదువుతున్నాను, అశోక్‌నగర్‌లో రూమ్. గంగ ఉపనదులు ఎలాగో వచ్చేశాయి. బ్రహ్మపుత్ర దగ్గరే ఆగిపోయాను. మాక్ టెస్టు పెట్టిన ప్రతిసారీ ఈ ఒక్క నది మీదే మార్కులు పోతున్నాయి.

నా డౌట్లు ఇవి. లాసా నది ఉత్తరం నుంచి వచ్చి కలుస్తుంది, నోట్సులో ఎడమగట్టు ఉపనది అని ఉంది. సుబన్‌సిరి కూడా ఉత్తరం నుంచే వస్తుంది, కానీ దాన్ని కుడిగట్టు అంటున్నారు. నది ఒకటే, దిక్కు ఒకటే, గట్టు మాత్రం ఎందుకు మారింది?

రెండోది పేర్ల గోల. దిహాంగ్, దిబాంగ్, దిహింగ్. ఇవి మూడు నదులా, ఒకటే నదిని మూడు రకాలుగా రాశారా? ధన్‌సిరి అని ఉత్తరాన ఒకటి కనిపిస్తుంది, దక్షిణాన ఇంకొకటి. సియాంగ్, లోహిత్, దిబాంగ్ మూడూ కలిసి బ్రహ్మపుత్ర అయితే, వాటిలో అసలు బ్రహ్మపుత్ర ఏది?

ఏదైనా షార్ట్‌కట్ కోడ్ ఉంటే చెప్పండి. ఈ చాప్టర్ తీస్తేనే టెన్షన్ వస్తోంది.


కోడ్_కింగ్:

కుడిగట్టుకి కోడ్: సుకామాసంతీ. సుబన్‌సిరి, కామెంగ్, మానస్, సంకోశ్, తీస్తా. తూర్పు నుంచి పడమరకు అదే వరుస. ఎడమగట్టు: లోహిత్, దిబాంగ్, బూఢీ దిహింగ్, ధన్‌సిరి, కపిలి. దీనికి కోడ్ మీరే కట్టుకోండి బ్రో.


గోదారిగట్టు:

తమ్ముడూ, కోడ్ కాసేపు పక్కన పెట్టు. ఆయన చెప్పింది తప్పని కాదు. కానీ కోడ్ పట్టుకుని వెళ్తే పరీక్ష హాల్లో ప్రశ్న కాస్త అటూ ఇటూ తిప్పి అడిగారంటే మళ్లీ మొదటికే వస్తావు.

మాది రాజోలు దగ్గర. అస్సాంలో సాదియా వైపు లోహిత్ నది మీద కట్టిన పెద్ద వంతెన పనిలో సైట్ ఇంజినీరుగా చేశాను. కాంట్రాక్టు హైదరాబాద్ కంపెనీది కాబట్టి మనవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. మెస్సులో గోంగూర పచ్చడి, బయట ఏడాదిలో సగం రోజులు వాన. అందుకే ఈ నది గురించి ఎవరైనా అడిగితే కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఏమీ అనుకోకు.

నీ మొదటి డౌటుకు జవాబు మీ ఊళ్లోనే ఉంది. మీకు పారేది సాగర్ ఎడమ కాలువ. అది కృష్ణకు ఉత్తరం వైపు ఉంటుంది. దానికి ఎడమ అని పేరెందుకు వచ్చింది? నీళ్లు ఎటు పోతున్నాయో అటు ముఖం పెట్టి నిలబడాలి. కృష్ణ తూర్పుకు పోతుంది, తూర్పుకు తిరిగి నిలబడితే ఉత్తరం ఎడమచేతి వైపు. ఈ లెక్క ఏ నదికైనా ఒకటే.

ఇప్పుడు టిబెట్‌కి రా. కైలాస-మానససరోవర ప్రాంతంలో పుట్టి, యార్లుంగ్ సాంగ్పో పేరుతో ఈ నది పడమటి నుంచి తూర్పుకు పోతుంది, అచ్చం కృష్ణలాగే. కాబట్టి ఉత్తరం నుంచి వచ్చే లాసా నది ఎడమగట్టున కలుస్తుంది. అదే నది అస్సాంలోకి దిగాక తూర్పు నుంచి పడమరకు పోతుంది. పడమరకు తిరిగి నిలబడు, ఉత్తరం కుడిచేతి వైపుకు వచ్చేస్తుంది. అందుకే సుబన్‌సిరి కుడిగట్టు. నీ నోట్సులో రెండూ సరిగ్గానే ఉన్నాయి. ధుబ్రీ దాటి బంగ్లాదేశ్‌లోకి వెళ్లాక దక్షిణానికి మళ్లుతుంది, అక్కడ కుడి అంటే పడమర. తీస్తా ఆ వైపు నుంచే వచ్చి కలుస్తుంది.

ఇదంతా దిక్కుల్లో గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే ఇంకో దారి ఉంది. మ్యాప్ తెరిచి, నది పుట్టినచోట వేలు పెట్టి, చివరిదాకా నడిపించు. టిబెట్‌లో హిమాలయం నదికి దక్షిణాన, అంటే కుడిచేతి వైపు. నామ్చా బర్వా శిఖరం చుట్టూ తిరిగి సియాంగ్‌గా అరుణాచల్‌లో దక్షిణానికి దిగేటప్పుడు హిమాలయం పడమర, అదీ కుడే. అస్సాంలో ఉత్తరాన, మళ్లీ కుడే. ప్రదక్షిణ చేసేవాడికి గర్భగుడి ఎప్పుడూ కుడిచేతి వైపే ఉన్నట్టు, ఈ నదికి హిమాలయం ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. పూర్తి ప్రదక్షిణ కాదనుకో, తూర్పు కొస చుట్టూ సగమే.

ఇది ఒక్కసారి బుర్రకెక్కితే అస్సాంలో ఉపనదులకు కోడ్ అక్కర్లేదు. హిమాలయం నుంచి, భూటాన్ నుంచి దిగివచ్చేవన్నీ కుడిగట్టు: సుబన్‌సిరి, జియా భరలి (అరుణాచల్‌లో దాన్నే కామెంగ్ అంటారు), మానస్, సంకోశ్. పట్కాయ్ కొండల నుంచి, నాగాలాండ్, మేఘాలయ వైపు నుంచి వచ్చేవన్నీ ఎడమగట్టు: బూఢీ దిహింగ్, దిసాంగ్, దిఖౌ, ధన్‌సిరి, కపిలి.

రెండు గట్ల ఉపనదుల స్వభావం కూడా దీని నుంచే వస్తుంది. మెయిన్స్‌లో రాయడానికి పనికొస్తుంది. కుడిగట్టువి నిటారు కొండల మీద నుంచి ఒక్కసారిగా మైదానంలో పడతాయి. రాళ్లు, ముతక ఇసుక మోసుకొస్తాయి. లోతు తక్కువ, పాయలు ఎక్కువ. కొండల్లో వాన పడితే కొన్ని గంటల్లో కింద వరద. ఎడమగట్టువి అంత ఎత్తు నుంచి రావు, వాలు తక్కువ. అందుకే లోతుగా, వంకర్లు తిరుగుతూ, సన్నటి ఒండ్రుతో నింపాదిగా వస్తాయి. అక్కడివాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరపు గట్టున ఇల్లు కట్టేవాడి భయం వేరు, దక్షిణపు గట్టున కట్టేవాడి భయం వేరు.

ఇక పేర్లు. దిహాంగ్ అంటే సియాంగే. పాత పుస్తకాల్లో దిహాంగ్, అరుణాచల్‌లో ఎవరినడిగినా సియాంగ్. ప్రధాన ప్రవాహం ఇదే, టిబెట్ నుంచి వచ్చే సాంగ్పో. దిబాంగ్ వేరే నది, మిష్మీ కొండల్లో పుట్టి రోయింగ్ వైపు నుంచి దిగుతుంది. దిహింగ్ అంటే బూఢీ దిహింగ్, ఇంకా దిగువన పట్కాయ్ నుంచి లెడో, మార్ఘెరిటా మీదుగా వస్తుంది. మూడూ మూడు నదులు. ధన్‌సిరి అయితే నిజంగానే రెండున్నాయి. ప్రశ్నలో ఎక్కువగా వచ్చేది దక్షిణపుది, నాగాలాండ్‌లో పుట్టి దిమాపూర్, గోలాఘాట్ మీదుగా వచ్చేది. ఇంకో తిరకాసు: బంగ్లాదేశ్‌లో బ్రహ్మపుత్రను జమున అంటారు, దానికీ మన యమునకూ సంబంధం లేదు. అది చాలదన్నట్టు అస్సాంలో కపిలికి ఉపనదిగా ఇంకో చిన్న జమున ఉంది.

లోహిత్, దిబాంగ్ రెండూ ఎడమగట్టు ఉపనదులు. లోహిత్ కూడా టిబెట్‌లోనే పుట్టి, కిబితు దగ్గర మన దేశంలోకి వచ్చి, వాలాంగ్, పరశురామ్ కుండ్ మీదుగా మైదానంలోకి దిగుతుంది. సియాంగ్, దిబాంగ్, లోహిత్ సాదియాకు దిగువన కలిశాకే నదికి బ్రహ్మపుత్ర అనే పేరు. మా వంతెన 2017 మే 26న ప్రారంభించినప్పుడు 'బ్రహ్మపుత్ర మీద దేశంలోనే పొడవైన వంతెన' అని టీవీల్లో మోగించారు. నిజానికి అది ఉన్నది లోహిత్ మీద. భూపేన్ హజారికా సేతు అని పేరు పెట్టారు, పొడవు 9.15 కిలోమీటర్లు. ఒక ఉపనది మీద తొమ్మిది కిలోమీటర్ల వంతెన ఎందుకని మా ఊళ్లో అందరూ అడిగేవాళ్లు. చలికాలం వెళ్లి చూస్తే నీళ్లు రెండు మూడు పాయల్లోనే కనిపిస్తాయి, మిగతాదంతా ఇసుక. కానీ కిందటేడు నీళ్లున్నచోట ఈ ఏడు ఇసుకమేట, ఇసుక ఉన్నచోట లోతు. ఏ పాయ ఎప్పుడు ఎటు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, నది తిరగగలిగిన మేర అంతా వంతెన కట్టాల్సిందే. నదిలో పైల్ (పునాది స్తంభాలు దింపే) పని నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. తర్వాత రిగ్గులూ బార్జీలూ గట్టుకు లాగేసి కూర్చోవడమే. వరదలో కొండల మీద నుంచి కొట్టుకొచ్చే దుంగలు చూస్తే గుండె జారిపోయేది.

వంతెన రాకముందు ధోలా రేవు నుంచి సాదియాకు పడవలే దిక్కు. రెండు పడవలు జతకట్టి, పైన బల్లలు పరిచి, వాటి మీద జీపులు ఎక్కించి దాటించేవాళ్లు. మా గోదారి పంటు అలవాటున్న నాకే మొదటిసారి కాళ్లు వణికాయి.

అసలు బ్రహ్మపుత్ర ఏది అని అడిగావు చూడు, ఆ ప్రశ్న బ్రిటిష్ సర్వే వాళ్లను కూడా దశాబ్దాలపాటు తిప్పలు పెట్టింది. టిబెట్‌లో సాంగ్పో తూర్పుకు పోయి కొండల్లో మాయమవుతుంది. ఇటు అస్సాంలోకి మూడు నాలుగు పెద్ద నదులు దిగుతున్నాయి. అది ఇందులో ఏదిగా వస్తోంది? మధ్యలో ఉన్న లోయలోకి తెల్లవాళ్లు వెళ్లే వీల్లేదు. 1880లో కెప్టెన్ హార్మన్ అనే సర్వే అధికారి ఒక లామాను, అతనికి తోడుగా సిక్కింకు చెందిన కింతుప్ అనే చదువురాని మనిషిని పంపాడు. పని ఏమిటంటే, గుర్తులు పెట్టిన దుంగలు రోజుకు 50 చొప్పున మొత్తం 500 సాంగ్పోలో వదలాలి, అవి అస్సాంలో ఏ నదిలో తేలతాయో ఇక్కడివాళ్లు చూడాలి. దారిలో ఆ లామా డబ్బులు తగలేసి, కింతుప్‌ను బానిసగా అమ్మేసి పోయాడు. కింతుప్ తప్పించుకుని ఒక మఠంలో చేరాడు. అక్కడ చాకిరీ చేస్తూనే, యాత్ర పేరు చెప్పి సెలవు తీసుకుని, దుంగలు కొట్టి దాచాడు. మళ్లీ సెలవు తీసుకుని లాసా వెళ్లి, ఫలానా రోజుల్లో దుంగలు వదులుతాను, చూసుకోండి అని డార్జిలింగ్‌కు ఉత్తరం రాయించి పంపాడు. చెప్పిన రోజున మొదలుపెట్టి 500 దుంగలూ వదిలాడు. ఉత్తరం అందాల్సినవాడికి అందలేదు, హార్మన్ అప్పటికే జబ్బుచేసి దేశం వదిలి వెళ్లిపోయాడు. ఆ దుంగలు ఎటు తేలాయో చూసినవాడు లేడు. నాలుగేళ్లకు తిరిగొచ్చి కింతుప్ చెప్పినదాన్ని చాలామంది నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు అధికారులు ఆ దారిన వెళ్లి చూశాకే సాంగ్పో, సియాంగ్ ఒకటేనని ఖాయమైంది, కింతుప్ చెప్పిన వివరాల్లో చాలావరకు నిజమని తేలింది. ఆయనకు వెయ్యి రూపాయల బహుమానం ఇప్పించారు, ముసలితనంలో. పాఠ్యపుస్తకంలో ఈ నదికి రెండు పేజీలు ఇచ్చినవాళ్లు ఈయనకు రెండు లైన్లు ఇచ్చి ఉండాల్సింది.


కైకలూరు_లోడ్:

గోదారిగట్టు గారూ, బాగా చెప్పారు. చదువు సంగతి నాకు తెలియదు కానీ రోడ్డు సంగతి తెలుసు. మాది చేపల లోడు, శీలావతి, బొచ్చె ఐసులో పెట్టి గువాహటికి పంపిస్తాం. కుర్రతనంలో నేనే క్లీనర్‌గా, తర్వాత డ్రైవర్‌గా వెళ్లేవాణ్ని.

తమ్ముడికి కుడిగట్టు నదులు వరుసలో కావాలంటే సిలిగురి నుంచి గువాహటి దాకా రోడ్డు గుర్తుపెట్టుకుంటే చాలు. సిలిగురిలో మహానంద వస్తుంది, అది మాత్రం గంగ వైపు పోతుంది. అది దాటాక తీస్తా, జల్‌ఢాకా, తోర్సా, రాయ్‌డాక్, ఆ తర్వాత బెంగాల్-అస్సాం సరిహద్దు దగ్గర సంకోశ్. శ్రీరాంపూర్ గేటు దాటి బొంగాయ్‌గావ్ పోయాక మానస్, బేకీ. రంగియాకు అటూ ఇటూ పగ్లాదియా, పుఠీమారి. ఇవన్నీ భూటాన్, సిక్కిం కొండల నుంచి ఎడమచేతి వైపు నుంచి వచ్చి రోడ్డు కింద నుంచి కుడికి పోతాయి. చివర్న సరాయ్‌ఘాట్ వంతెన ఎక్కితే అప్పుడు బ్రహ్మపుత్ర. అంటే గువాహటి చేరేదాకా మనం కుడిగట్టు మీదే ఉంటాం.

వానాకాలంలో పగ్లాదియా, బేకీ దగ్గర లారీలు ఆపేస్తే ఐసు కరిగిపోతుందని ప్రాణం కొట్టుకునేది. పొద్దున వంతెన కింద పిల్లలు ఆడుకునే ఏరు, సాయంత్రానికి గట్టు మీదకు వచ్చేసేది. మీరు చెప్పిన కుడిగట్టు స్వభావం అదేననుకుంటా.


గోదారిగట్టు:

సరిగ్గా అదే అండీ. తమ్ముడూ, మహానంద గురించి ఆయన అన్న మాట రాసి పెట్టుకో. గంగ పరీవాహకం, బ్రహ్మపుత్ర పరీవాహకం విడిపోయేది ఆ మహానందకూ తీస్తాకూ మధ్యనే. రోడ్డు మీద వెళ్లేవాడికి కొండా గుట్టా ఏమీ కనపడదు, చదునైన నేలే.

తీస్తా మీద ఇంకో ముక్క. 1787కు ముందు అది దక్షిణానికి పోయి గంగలో కలిసేది. ఆ ఏడు వచ్చిన పెద్ద వరదలో దారి మార్చుకుని బ్రహ్మపుత్రలో పడింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో బ్రహ్మపుత్ర కూడా మైమన్‌సింగ్ మీదుగా పోయే పాత దారి వదిలి, పడమరకు జరిగి ఇప్పటి జమున పాయ పట్టింది. పాత దారిలో ఇప్పటికీ 'పాత బ్రహ్మపుత్ర' పేరుతో చిన్న పాయ ఉంది.


రాజమండ్రి_రాణి:

మేం 2019 నవంబర్‌లో బ్రహ్మపుత్ర పుష్కరాలకు అత్తయ్య గారిని తీసుకుని గువాహటి వెళ్లాం. కామాఖ్య, ఉమానంద చూశాం. ఒక్కటి అడగాలి. ఘాట్‌లో నిలబడి చూస్తే మా రాజమండ్రి దగ్గర గోదావరి కంటే వెడల్పు తక్కువే అనిపించింది. అంత పెద్ద నది అంటారు కదా, నిజంగా గోదావరి కంటే పెద్దదేనా? మా ఆయన కాదంటున్నారు.


గోదారిగట్టు:

రాణి గారూ, గువాహటిలో చూసి బ్రహ్మపుత్రను కొలవకండి. అక్కడ అటూ ఇటూ రాతి గుట్టలు నదిని బిగించాయి. సరాయ్‌ఘాట్, పాండు దగ్గర వెడల్పు సుమారు 1.2 కిలోమీటర్లే. అందుకే 1962లో మొదటి వంతెన అక్కడే కట్టగలిగారు. పైకీ కిందికీ వెళ్తే చాలాచోట్ల ఏడెనిమిది కిలోమీటర్లు, కొన్నిచోట్ల పదిహేను పైనే.

మీవారి మాటలో కూడా కాస్త నిజముంది, చెప్తాను. పాండు దగ్గర నమోదైన అతి పెద్ద వరద 1962 ఆగస్టులో, 72,779 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు), మన లెక్కలో దాదాపు 25.7 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఒక్క రోజు లెక్కలో గోదారే పైచేయి. కోనసీమ వాళ్లం ఈ మాట సైట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం.

ఏడాది మొత్తం తీసుకుంటే మాత్రం పోలికే లేదు. కేంద్ర జలసంఘం పాత లెక్కలో గోదావరిలో సగటున ఏడాదికి పారేది సుమారు 110 శతకోటి ఘనపు మీటర్లు, అంటే 3,900 టీఎంసీలు. బ్రహ్మపుత్రలో 537, అంటే దాదాపు 19 వేల టీఎంసీలు. మన గోదారి వరద వచ్చి వారం పది రోజుల్లో దిగిపోతుంది. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వరద దిగేలోపు ఇంకోటి. పైగా ఎండాకాలంలో మంచు కరిగిన నీళ్లు కూడా వస్తాయి.

వెడల్పుకు కారణం వాలు. టిబెట్‌లో నామ్చా బర్వా (7,782 మీటర్లు), గ్యాలా పేరి శిఖరాల మధ్య ప్రపంచంలోనే అతి లోతైన లోయల్లో ఒకదాని గుండా నది ఉరుకుతుంది. పాసీఘాట్ దగ్గర మైదానంలో పడేసరికి ఆ దూకుడంతా ఆగిపోతుంది. గువాహటి చేరేసరికి వాలు కిలోమీటరుకు సుమారు 10 సెంటీమీటర్లే. మోసుకొచ్చిన ఇసుక మోయలేక ఎక్కడికక్కడ దింపేస్తుంది, అది లంకలు కడుతుంది, నీళ్లు వాటిని తప్పించుకుంటూ పాయలు పాయలుగా పోతాయి.

దీని మీద 1950 భూకంపం ఒకటి. ఆగస్టు 15 సాయంత్రం, తీవ్రత 8.6. అరుణాచల్ కొండలు జారి నదుల్లో పడ్డాయి. సుబన్‌సిరికి అడ్డంగా పడిన కొండచరియ కొన్ని రోజులు నీళ్లు ఆపి, తర్వాత తెగి కింది ఊళ్ల మీద పడింది. వందల మంది పోయారు. ఆ మట్టంతా కిందికి దిగి డిబ్రూగఢ్ దగ్గర నది అడుగు సుమారు 3 మీటర్లు పైకి లేచింది. అప్పటి నుంచి గట్ల కోత మొదలైంది, పాత డిబ్రూగఢ్‌లో చాలా భాగం ఏట్లో కలిసిపోయింది, పాత సాదియా ఊరు కూడా పోయింది. మజులీ ద్వీపం ఒకప్పుడు 1,200 చదరపు కిలోమీటర్ల పైన ఉండేదంటారు, ఇప్పుడు దానిలో సగం కూడా లేదు. 2016లో దాన్ని జిల్లా చేశారు. మా మెస్సులో వంట చేసే పెద్దాయన మజులీ మనిషే. వాళ్ల ఇల్లు ఎన్నిసార్లు వెనక్కి జరిపి కట్టుకున్నారో వేళ్ల మీద లెక్కపెట్టేవాడు, ప్రతిసారీ లెక్క మారేది.


డౌట్_మాస్టర్:

అన్నా, చైనా పైన డ్యాం కట్టి నీళ్లు ఆపేస్తే బ్రహ్మపుత్ర ఎండిపోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?


గోదారిగట్టు:

ఎండిపోదు. సాంగ్పో టిబెట్‌లో పారేది హిమాలయానికి అవతల, వానలు తక్కువ ఉండే చోట. నదిలో నీళ్లలో ఎక్కువ భాగం ఇటు దిగాక, రుతుపవనాల వానల నుంచి, ఇంతసేపూ చెప్పుకున్న ఉపనదుల నుంచే చేరుతుంది. అలాగని భయపడక్కర్లేదని కూడా అనను. టిబెట్‌లో జాంగ్ము దగ్గర 510 మెగావాట్ల డ్యాం ఎప్పుడో కట్టేశారు. 2025 జులైలో నది నామ్చా బర్వా చుట్టూ తిరిగే పెద్ద వంపు దగ్గర దాదాపు 60 వేల మెగావాట్ల ప్రాజెక్టు మొదలుపెట్టారు. నా భయం నీళ్లు ఆగడం గురించి కాదు, ఒక్కసారిగా రావడం గురించి. 2000 ఏప్రిల్‌లో టిబెట్‌లో యీగోంగ్ అనే ఉపనదికి కొండ జారి అడ్డంగా పడింది, జూన్‌లో అది తెగితే పాసీఘాట్ దాకా సియాంగ్ పొడవునా వంతెనలు కొట్టుకుపోయాయి. అది ఎవరూ కట్టిన డ్యాం కూడా కాదు. పైన ఏం జరుగుతోందో కింద సమయానికి తెలియాలి, అంతే.


మిర్యాలగూడ_గ్రూప్స్:

గోదారిగట్టు అన్నా, కైకలూరు అన్నా, చాలా థాంక్స్. కుడిచేతి వైపు హిమాలయం అన్న లెక్కతో పాత మాక్ టెస్టులు మళ్లీ చేశాను, ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆ ఒక్కటి ఏమిటంటే, రాగా సాంగ్పో. నోట్సులో కుడిగట్టు అని ఉంది. మ్యాప్‌లో చూస్తే ఉత్తరం నుంచి వస్తోంది. మీ లెక్క ప్రకారం ఎడమగట్టు కావాలి కదా?


గోదారిగట్టు:

ఎడమగట్టే. లాట్సే ప్రాంతంలో ఉత్తరం నుంచి వచ్చి కలుస్తుంది. కుడిగట్టు అని చాలాచోట్ల అచ్చయింది, ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. టిబెట్‌లో కుడిగట్టున చెప్పుకోదగ్గది గ్యాంట్సే, షిగాట్సే మీదుగా వచ్చే న్యాంగ్ చూ. పరీక్షలో మాత్రం కీలో ఏది ఇస్తారో నా చేతుల్లో లేదు. ఆప్షన్లు చూసి తెలివిగా పెట్టు, అవసరమైతే అభ్యంతరం తెలపడానికి మ్యాప్ దగ్గర పెట్టుకో.

ఇంత దూరం వచ్చావు కాబట్టి సింధు కూడా చూసేయ్. అదీ మానససరోవరం దగ్గరే పుడుతుంది, కానీ ఎదురు దిక్కుకు పోతుంది. లద్దాఖ్ మీదుగా వాయవ్యానికి వెళ్లి, నంగా పర్బత్ చుట్టూ తిరిగి దక్షిణానికి దిగుతుంది. బ్రహ్మపుత్రకు హిమాలయం కుడివైపు అయితే సింధుకు మొదటి నుంచి చివరిదాకా ఎడమవైపు. కాబట్టి జన్‌స్కార్, ఆ తర్వాత పంజాబ్ ఐదు నదులూ మిథన్‌కోట్ దగ్గర కలిసేది ఎడమగట్టున. కాబూల్, కుర్రం, గోమల్ అవతలి గట్టువి. మరి కారకోరం నుంచి వచ్చే శ్యోక్ ఏ గట్టు?


మిర్యాలగూడ_గ్రూప్స్:

కుడిగట్టు.


గోదారిగట్టు:

కరెక్ట్. గిల్గిత్ కూడా అంతే. ఇక పడుకో, రేపు టెస్టుందన్నావుగా.